అరవై రికార్డులు, ఒక ప్లస్ సి

ఆ రోజుల్లో (మరీ రాజుల కాలమేమీ కాదు, కొత్తగూడ చౌరస్తా మీద ఫ్లైఓవర్ లేని రోజులు, రాయదుర్గంలో అద్దాల మేడల బదులు ఉత్త బండరాళ్ళున్న రోజులు) హైటెక్ సిటీ చుట్టుపక్కల ఏ గుట్టెక్కి చూసినా రెండే కనబడేవి. ఒకటి ప్లాట్లు అమ్ముతామన్న బోర్డు, రెండోది ఇంజనీరింగ్ కాలేజీ. కొన్నిచోట్ల రెండూ ఒకే ప్రహరీ గోడ మీద ఉండేవి, ఫోన్ నంబరు కూడా ఒకటే. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఎమ్మెస్సీ లెక్కల పట్టా, ఇస్త్రీ చేసిన రెండు చొక్కాలు, ఏది అడిగినా "తెలుసండి" అనగలిగే నాలుక, ఇవీ నా ఆస్తులు. మొదటి దానికంటే మూడోదే నన్ను ఎక్కువ దూరం మోసుకొచ్చిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. అప్పుడూ లేదనుకోండి, అది వేరే సంగతి.

నార్సింగి దాటాక ఒక గుట్ట మీదున్న కాలేజీకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. చైర్మన్ కడప వైపు పెద్దమనిషి. ముప్పై ఏళ్ళు బోర్లు వేయించి, భూమిలో నీళ్ళు తగ్గాక చదువుల్లోకి దిగాడు. ఆయన బల్ల మీద ఒక రంగురంగుల అట్టపెట్టె ఉంది. అందులో ఉన్నది లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ అట. కాల్‌క్యులేటర్‌లా ఉత్త అంకెలు కాదు, ఎక్స్‌లూ వైలూ పెట్టి ఇచ్చినా డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్ అన్నీ తనే చేసి జవాబు తెర మీద పెడుతుందట. పక్క గుట్ట మీద కాలేజీవాళ్ళు కొన్నారని తెలిసి, మా చైర్మన్ మర్నాడే తెప్పించాడు. దాన్ని నడిపేవాడు మాత్రం దొరకలేదు.

"ఏమప్పా, ఈ సాఫ్ట్‌వేరు నీకు వచ్చునా?" అన్నాడు.

"దాని మీదే ప్రాజెక్టు చేశానండి" అన్నాను. (చేసింది పేకాట మీద. సంభావ్యతా సిద్ధాంతం అని పేరు పెట్టాం.)

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూసి, "నాకు లెక్కలు రావు గానీ, నేలను సూస్తే నీళ్ళు ఎన్ని అడుగుల్లో ఉండాయో చెప్తా. నీలో ఉండాయిలే" అన్నాడు. ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక ఏడాది ప్రొబేషన్, ఏడాది చివర పనితీరు బాగుంటే పర్మనెంట్ ఉత్తరం. బాగుండకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. తణుకులో మా మేనమామకు ఎరువుల కొట్టుంది. నేను హైదరాబాదు బస్సెక్కుతున్నప్పుడు ఆయన, "ఆ ఉత్తరం రాకపోతే వచ్చెయ్యరా, యూరియా బస్తాల దగ్గర కుర్చీ ఖాళీగానే ఉంటుంది" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమను తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరించి, పని మీద శ్రద్ధ పుట్టుకొచ్చేది.

శ్రద్ధంటే ఏం శ్రద్ధలెండి. మొదటి సంవత్సరం పిల్లలకు క్యాల్క్యులస్ ల్యాబ్ అని ఒకటి పెట్టి నన్ను ఇన్‌ఛార్జిని చేశారు. ల్యాబులో ముప్పై కంప్యూటర్లు. సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది మాత్రం ఒక్కదాంట్లో. లైసెన్సు ఒక్కటే కొన్నారు మరి. "ఒక బోరుతో ఊరంతా నీళ్ళు తాగదా?" అన్నది చైర్మన్ వాదన. ఆ ఒక్క కంప్యూటర్ చుట్టూ అరవై మంది, రేషను షాపు ముందు నిలబడ్డట్టు నిలబడేవారు. ముందున్న కుర్రాడు టైపు చేసేవాడు. తెర మీద వచ్చింది వాడు గట్టిగా చదివితే, రెండో వరుస మూడో వరుసకు, మూడో వరుస గుమ్మం దగ్గరివాళ్ళకు అందించేవారు. అరగంటలో అరవై మందికీ ఇంటిగ్రేషన్ వచ్చేసినట్టు లెక్క. నేను ఆ ముప్పై కంప్యూటర్ల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేస్తూ, నాగరికత ఎంత ముందుకు పోయిందా అని మురిసిపోయేవాణ్ణి.

ఇంజనీరింగ్ చదివిన ఇంట పుట్టినవాళ్ళకు రికార్డు గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ల్యాబులో చేసిన ప్రతి ప్రయోగాన్నీ విద్యార్థి ఒక అట్టపుస్తకంలో చేత్తో రాయాలి. మార్జిన్ గీత ఉండాలి, ఎయిమ్, ప్రొసీజర్, రిజల్ట్ అన్న శీర్షికలుండాలి, వాటి కింద స్కెచ్ పెన్ను గీతలుండాలి. లోపల ఏముండాలన్న నియమం మాత్రం నాకు తెలిసి ఎక్కడా లేదు. ఒకడు రాస్తాడు, వాడిది చూసి నలుగురు, ఆ నలుగురిది చూసి మిగతావాళ్ళు రాస్తారు. మాస్టారు చివరి పేజీ తెరిచి సంతకం పెడతాడు. ఇది తరతరాలుగా వస్తున్న ఏర్పాటు. దాన్ని చెడగొట్టడానికి నేనెవర్ని? క్యాంటీన్‌లో టీ చల్లారేలోపు అరవై రికార్డులు దిద్దేవాణ్ణి. అందరికీ పదికి తొమ్మిది, పక్కన ఇంగ్లీషులో "గుడ్" అని. ఆ "గుడ్"లో రెండు సున్నాలను కలిపి ఒకే గీతలో రాసే కళ నాకు అక్కడే అబ్బింది.

మా డిపార్టుమెంటులో ఈ వైభవం నచ్చని మనిషి ఒకడుండేవాడు. వరంగల్ నుంచి వచ్చిన పెద్ద మాస్టారు, రిటైర్మెంటుకు నాలుగేళ్ళ దూరంలో ఉన్నాయన. పిల్లలు ఆయన్ని ప్లస్ సి సార్ అనేవారు. ఇంటిగ్రేషన్ చేసిన ప్రతిసారీ జవాబు చివర "ప్లస్ సి" అని ఒకటి కలపాలి. లెక్కను వెనక్కి నడిపిస్తున్నాం కదా, దారిలో ఏదో ఒక అంకె రాలిపోయి ఉండవచ్చు, అదెంతో మనకు తెలియదు. ఆ తెలియనిదాని కోసం వేసి ఉంచే కుర్చీ అది. ఆ కుర్చీ వేయనివాడికి మాస్టారు రెండు మార్కులు కోసేవాడు, వాడు చైర్మన్ తమ్ముడి కొడుకైనా సరే. (కోశాడు కూడా.) మా సాఫ్ట్‌వేర్‌కు ఆ మర్యాద లేదు, అది ప్లస్ సి వేసేది కాదు.

"ఏంది తమ్మీ, మిషిన్ లెక్క చేస్తదంట. చెయ్యనియ్. మరి గీ పోరగాండ్లు ఏం చేస్తరు?" అనేవాడు మాస్టారు.

"జవాబు చూస్తారండి."

"చూసుడుకు సినిమా ఉన్నది గద తమ్మీ. నువ్వేం చేస్తవ్?"

"నేను సంతకం పెడతానండి."

ఆయన నవ్వలేదు. నేను చెప్పింది నిజమని ఆయనకు తెలుసు.

ఇక అసలు కథ. ఆ అరవై మందిలో కొత్తగూడ నుంచి వచ్చే ఒకమ్మాయి ఉండేది. దేనికైనా "ఎందుకు సార్?" అనేది కాబట్టి స్టాఫ్ రూములో ఆమెకు "ఎందుకమ్మాయి" అని పేరు పెట్టాం. (మాస్టార్లు పిల్లలకు పేర్లు పెట్టరని ఎవరైనా చెబితే నమ్మకండి.) గుమ్మం దగ్గర నిలబడే ఓపిక లేక ఆమె లెక్కలన్నీ ఇంట్లో చేత్తో చేసుకొచ్చి రికార్డులో రాసేది. అయిదో ప్రయోగంలో సైన్ ఎక్స్‌ను కాస్ ఎక్స్‌తో గుణించి ఇంటిగ్రేట్ చెయ్యమని ఇచ్చాను. యాభై తొమ్మిది మంది తెర మీద వచ్చినట్టు మైనస్ కాస్ స్క్వేర్ బై రెండు అని రాశారు. ఈమె మాత్రం సైన్ స్క్వేర్ బై రెండు, ప్లస్ సి అని రాసింది. ఆ ఒక్కసారి ఖర్మ కాలి నేను పుస్తకం లోపలికి చూశాను. యాభై తొమ్మిదికి ఒకటి, ఇందులో ఆలోచించడానికేముంది? పదికి మూడు వేసి, ఎర్ర ఇంకుతో "జవాబు కంప్యూటర్‌తో సరిపోలేదు" అని రాశాను.

మర్నాడు రికార్డు పట్టుకుని వచ్చింది. "సార్, నా ఆన్సర్ తప్పెట్లయితది?"

"కంప్యూటర్ పొరపాటు చెయ్యదు కదమ్మా."

"మిషిన్ తప్పని నేను అంటలేను సార్. నాది గూడ తప్పు కాదంటున్న. రెండిట్ల ఎక్స్‌కు ఏ విలువన్న పెట్టి చూడుండ్రి, నాదాంట్లకెల్లి దానిది తీసేస్తే ఎప్పుడైనా సగమే వస్తది. ఆ సగం ప్లస్ సిల కలుస్తది. జర చేసి చూడుండ్రి సార్."

జర చేసి చూడడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ ఎదురుగా విద్యార్థిని నిలబడి ఉండగా కాగితం తీసుకుని లెక్క చెయ్యడం నా హోదాకు తగదనిపించింది. నిజం చెప్పాలంటే ఏడాదిగా చేత్తో ఒక్క లెక్క చెయ్యలేదు, వస్తుందో రాదో అన్న భయం కూడా ఉంది. "వైవాలో మాట్లాడదాంలే" అన్నాను. దిక్కుతోచని మాస్టార్లందరూ తలదాచుకునే మాట అది. ఆమె "ఎందుకు సార్, ఇప్పుడెందుకు కాదు?" అంటూ ఉండగానే గంట కొట్టారు. గంట కొట్టినవాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఏడాది చివరికొచ్చింది. కాలేజీకి గుర్తింపు కొనసాగించాలా వద్దా అని చూడడానికి ముగ్గురు సభ్యుల ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తోందని కబురొచ్చింది. చైర్మన్ నన్ను పిలిచి, "మనకాడ సూపించేదానికి నీ ల్యాబొకటే ఉండాదప్పా. వాళ్ళు బాగుందంటే ఆ సాయంత్రమే నీ పర్మనెంట్ ఉత్తరం. లేదంటే నువ్వూ వద్దు, నీ పెట్టే వద్దు" అన్నాడు. యూరియా వాసన ముక్కుకు తగిలింది. రెండు రోజులు ల్యాబంతా కడిగించాను. ముప్పై కంప్యూటర్లకూ కొత్త గుడ్డలు కప్పించాను. (ఇరవై తొమ్మిదింట్లో సాఫ్ట్‌వేర్ తెరుచుకోదన్నది ఎలాగూ మూసే ఉంచాల్సిన విషయమే.) అరవై రికార్డులూ బల్ల మీద దొంతరగా పేర్చాను. లోపల ఏముందో చూడాలన్న ఆలోచన రాలేదు. అట్టలు మాత్రం తుడిపించాను.

కమిటీలో ఇద్దరు వస్తూనే భోజనం ఎక్కడని అడిగారు. మూడో ఆయన ముక్కు చివర కళ్ళజోడు పెట్టుకున్న ముసలి ప్రొఫెసరు. గోదావరి యాస, మెత్తటి మాట. కంప్యూటర్ల వంక చూడనే లేదు, నేరుగా వచ్చి దొంతరలోంచి ఒక రికార్డు లాగాడు. మూడో ప్రయోగం దగ్గర ఆగాడు. చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"బాబూ, ఈ రిజల్ట్ అన్న చోట ఏం రాసుందో కాస్త చదువుతారా?"

చదివాను. పచ్చ స్కెచ్ పెన్నుతో చక్కటి డబ్బా గీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెప్పాలంటే: "పొరపాటు. మూడో వరుసలో బ్రాకెట్టు మూయలేదు. సరిచేసి మళ్ళీ ప్రయత్నించండి." ఆ రోజు ముందున్న కుర్రాడు టైపు చేస్తూ బ్రాకెట్టు మరిచిపోయాడు. తెర మీద వచ్చింది వచ్చినట్టు గట్టిగా చదివాడు, గుమ్మం దాకా అందింది. ప్రొఫెసరు రెండో రికార్డు తీశాడు, అదే. మూడోది తీశాడు, అందులో డబ్బాకు నాలుగు మూలలా పువ్వులు కూడా వేశారు. అన్నిటి కిందా పదికి తొమ్మిది, "గుడ్", నా సంతకం.

నేను నోరు తెరిచాను. అందులోంచి ఎప్పటిలాగే ఏదో ఒకటి వస్తుందని నా నమ్మకం. వచ్చింది. "అది కావాలనే పెట్టిన ప్రయోగమండి. పొరపాటు ఎలా ఉంటుందో విద్యార్థికి పరిచయం చెయ్యడానికి." కమిటీలో మిగతా ఇద్దరూ తలలూపారు. ఒకాయన "వెరీ ఇన్నోవేటివ్" అని రాసుకున్నాడు కూడా. చైర్మన్ నీళ్ళు పడ్డ బోరును చూసినట్టు నన్ను చూశాడు. ఒక్క నిమిషం, కచ్చితంగా ఒక్కటే నిమిషం, నేను పర్మనెంట్ ఉద్యోగిని.

ప్రొఫెసరు దొంతర అడుగున ఉన్న రికార్డు లాగాడు. "ఇందులో ఈ పొరపాటు పరిచయం కాలేదేం బాబూ? లెక్కంతా చక్కగా చేసుందే. అయిదోదీ చేసింది. దీనికి మూడు మార్కులేంటి?" నా ఎర్ర ఇంకు వాక్యం పైకి చదివి, ఆ అమ్మాయిని పిలిపించాడు. ఆమె వెనక, అదే క్లాసులో పాఠం చెబుతున్న ప్లస్ సి సార్ కూడా చేతి సుద్ద పొడి దులుపుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఆయన వెనకే క్లాసంతా.

"మీది రైటా, కంప్యూటర్‌ది రైటా అమ్మా?"

"రెండూ రైటే సార్."

"మరి మార్కులెందుకు పోయాయి?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నన్ను కాపాడుతుందేమోనని ఆశపడ్డాను. చాలా కథల్లో అలాగే జరుగుతుంది మరి. "నాకు గూడ అదే తెలుసుకోవాలనుంది సార్. సార్‌ను అడిగితే వైవాల చెప్తనన్నరు" అంది.

ప్రొఫెసరు మెత్తగా నవ్వి సుద్దముక్క నా చేతిలో పెట్టాడు. "మీరొకసారి బోర్డు మీద చేసెయ్యండి బాబూ, గొడవ తీరిపోతుంది."

బోర్డు అంత పెద్దదని ఏడాదిగా గమనించలేదు. సైన్ రాశాను, కాస్ రాశాను, మధ్యలో మా మేనమామ మొహం కనిపించింది. సైన్‌ను యు అనుకోవాలన్నది ఇంటర్మీడియట్‌లో ఎవరో నెత్తిన మొట్టి చెప్పిన సంగతి, ఎక్కణ్ణుంచో పైకి తేలింది. నాలుగు వరుసలు రాశాను. చెమట కారిపోతుండగా చివరి వరుస పూర్తిచేసి వెనక్కి జరిగి చూసుకున్నాను. సైన్ స్క్వేర్ బై రెండు. ఆ అమ్మాయి జవాబు. నేను మూడు మార్కులేసిన జవాబు.

గుమ్మం దగ్గర్నుంచి నిదానంగా వినబడింది: "ప్లస్ సి ఏది తమ్మీ?"

అరవై మంది ఒక్కసారిగా నవ్వితే ఎలా ఉంటుందో మీలో ఎవరికైనా అనుభవముంటే నాకు ఉత్తరం రాయండి, ఇద్దరం కలిసి ఏడుద్దాం.

కాలేజీకేం కాలేదు. భోజనం బాగుంది, గుర్తింపు కొనసాగింది. నివేదికలో "కంప్యూటర్ వినియోగం ప్రశంసనీయం" అని కూడా రాశారట. నా ఉత్తరమే ఆగింది. చైర్మన్ గదిలో ప్లస్ సి సార్ పక్కన నిలబడ్డాను. "ఇంకొకడైతే ఈ పొద్దే పంపించేసేవాణ్ణప్పా" అంటూ ఆయన మాస్టారి వైపు తిరిగి, "వీణ్ణేం చెయ్యల్ల?" అన్నాడు.

"నాకియ్యుండ్రి" అన్నాడు మాస్టారు. "ఫికర్ చెయ్యకుండ్రి. ఒక్క సెమిస్టర్ నా క్లాసుల కూసుంటడు, పోరగాండ్లతోటి. పరీక్ష రాస్తడు. పాసైతే ఇగ పర్మనెంట్ చెయ్యుండ్రి."

అలా నేను ఇరవై అయిదో ఏట మళ్ళీ ఫస్టియర్‌లో చేరాను. పొద్దున పిల్లలకు ల్యాబు, మధ్యాహ్నం వాళ్ళ పక్కనే మొదటి బెంచీ. కొత్త బ్యాచి పిల్లలు మొదట నన్ను చాలాసార్లు ఫెయిలైన సీనియర్ అనుకుని గౌరవించారు. అంతకు ముందే ఎందుకమ్మాయిని పిలిచి మూడు కొట్టేసి పది వేసి, సారీ చెప్పబోయాను. "సారీ వద్దు సార్. ఎందుకు కోసిన్రో పక్కన రాయుండ్రి, చాలు" అంది. ఆలోచించి రాశాను: "నేను చేసి చూడలేదు." ఏడాదంతా నేను పెట్టిన సంతకాల్లో చదివి పెట్టింది అదొక్కటే.

పరీక్ష రాశాను. ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. ఆ రెండు ఎక్కడ పోయాయో మీకు వేరే చెప్పాలా?

పర్మనెంట్ ఉత్తరం ఇస్తూ చైర్మన్ కలం అందించాడు, కింద సంతకం పెట్టమని. నేను కుర్చీ లాక్కుని కూర్చుని మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాను.

"ఏమప్పా, అనుమానమా?"

"లేదండి, అలవాటు చేసుకుంటున్నాను."

రెండో పేరాలో ఆగిపోయాను. నన్ను నార్సింగి మీదుగా వెళ్ళే ఏడో నంబరు రూటు బస్సుకు పర్మనెంట్ డ్రైవరుగా నియమించారు. హెవీ లైసెన్సు ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవాలి, గేటు దగ్గర హారన్ కొట్టరాదు. ఆఫీసు గుమాస్తా అంతకు ముందు డ్రైవరుకిచ్చిన ఉత్తరం తీసి, పేరు ఒక్కటీ మార్చి, మిగతాదంతా దించేశాడు. కింద పచ్చ ఇంకుతో చైర్మన్‌గారి సంతకం నిండుగా మెరుస్తోంది.

ఆయన చదివి నా వైపు చూశాడు. "నేను సంతకం పెట్టేసినానే!"

"నేను అరవై పెట్టానండి" అన్నాను.

ఆ సంవత్సరంలో ఆయన నవ్వడం అప్పుడే చూశాను. కొత్త ఉత్తరం మర్నాడు వచ్చింది.

తర్వాత నేనూ అందరిలాగే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోకి జారి, ఇప్పుడు రాయదుర్గంలో ఒక అద్దాల మేడ పన్నెండో అంతస్తులో కూర్చుంటున్నాను. నా కింద పనిచేసే పిల్లలు యంత్రంతో పేజీలకు పేజీలు ప్రోగ్రాములు రాయించి పంపిస్తారు. "చదివావా?" అంటే "రన్ అయింది గద అన్నా" అంటారు. నేను పెద్ద మాస్టారిలా మొహం పెట్టి, ప్లస్ సి ఏది తమ్మీ అనబోయి, నాలుగు గంటల మీటింగు గుర్తొచ్చి, చదవకుండానే సరే అన్న బటన్ నొక్కేస్తాను. నొక్కాక కాసేపు ఆ యాభై తొమ్మిది పచ్చ డబ్బాలు కళ్ళ ముందు వరసగా నిలబడతాయి. కొన్నిసార్లు వెనక్కి వెళ్ళి తెరిచి చదువుతాను. కొన్నిసార్లు లిఫ్ట్ వచ్చేస్తుంది.

సాయంత్రం కొత్తగూడ ఫ్లైఓవర్ మీద కారు గంటకు పది గజాల వేగంతో కదులుతుంది. పక్కన ఏదో కాలేజీ బస్సు ఆగుతుంది. డ్రైవరు మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని దర్జాగా ముందుకు చూస్తుంటాడు. ఏ రూటో, ఎక్కడ ఆపాలో అతనికి తెలుసు, అద్దంలో వెనక కూడా చూసుకుంటాడు. పర్మనెంట్ చేసిన సరైన ఉత్తరం ఎక్కడో పోయింది. తప్పుది మాత్రం నా బీరువాలో, చైర్మన్ పచ్చ సంతకంతో సహా భద్రంగా ఉంది. ఆ లెక్కన నేను ఇప్పటికీ నార్సింగి రూటు డ్రైవర్నే. ఇంత దూరం లైసెన్సు లేకుండానే నడుపుకొచ్చాను.